ఉలవపాడు పక్క పల్లెలో మూడు రాత్రుల నాటకం, హాస్యం, పాట: సలహాలు చెప్పండి

రామాలయం వీధి:
అందరికీ నమస్కారం. మాది ఉలవపాడు పక్కన పల్లెటూరు. శ్రీరామనవమికి ఏటా ఒక రాత్రి రికార్డింగ్ డ్యాన్సు పెట్టించి సరిపెడుతున్నారు. ఆడవాళ్ళు, పిల్లలు కాసేపు కూర్చుని లేచిపోతున్నారు. ముసలివాళ్ళయితే గడప దాటి రావడమే మానేశారు. ఈ ఏడు ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి మూడు రాత్రులు మంచి కార్యక్రమాలు చేద్దామని మా వీధి కుర్రాళ్ళం అనుకున్నాం. పెద్దలు కూడా సరేనన్నారు.

ఇప్పటికి అనుకున్నది ఇది. మొదటి రాత్రి పద్యనాటకం. రెండో రాత్రి హాస్యం: మిమిక్రీ, మా కుర్రాళ్ళ నాటిక ఒకటి, బడిపిల్లల నాటిక ఒకటి. మూడో రాత్రి పాటకచేరి. పద్యనాటకానికి మాత్రమే బయటి కళాకారులను పిలుస్తాం. మిగతా రెండు రాత్రులూ స్టేజి ఎక్కేది ఊరివాళ్ళే. పండరి భజన నేర్పే గురువు గారున్నారు, కీబోర్డు వాయించే అబ్బాయి ఉన్నాడు, పాడేవాళ్ళకు కొదవ లేదు.

ఏ రాత్రి ఏది పెట్టాలి, నాటకం ఎంతసేపు ఆడించాలి, మైకు పర్మిషన్ సంగతేంటి, ఇవన్నీ మాకు కొత్త. ఇలాంటివి చేసినవాళ్ళు దయచేసి చెప్పండి.

కావలి కుర్రోడు:
అన్నా, చాలా మంచి పని. నా మాట వింటే పాటకచేరి మొదటి రాత్రే పెట్టండి. జనం వచ్చేది పాటకే. మొదటి రోజు నిండితే మిగతా రెండు రోజులకూ పేరు పాకుతుంది. పద్యనాటకం ఇప్పటి పిల్లలు చూస్తారా అన్నది నాకు అనుమానమే.

శ్రుతిపెట్టె:
అబ్బాయ్ కావలి, పిల్లలు చూడరు అని మనమే అనేసుకుంటే ఎట్టా? వాళ్ళకు చూపించింది ఎప్పుడు? నేను హార్మోనియం వాయిస్తూ ఈ చుట్టుపక్కల ఊళ్ళు చాలా తిరిగాను. ఎదురుగా కూర్చుని నోరు తెరుచుకుని చూసేది పిల్లలే. కిరీటం, గద, మీసం, ఆ గొంతు, వాళ్ళకు అన్నీ కొత్తే. విసుగుపడేది వాళ్ళు కాదు. నాటకం తెల్లారేదాకా లాగితే ఎవరికైనా నిద్రొస్తుంది, అది పద్యం తప్పు కాదు.

కాబట్టి పూర్తి నాటకం పెట్టుకోవద్దు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో పడక సీను, రాయబారం, ఈ రెండూ చాలు. కృష్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు, ధర్మరాజు, భీముడు, కర్ణుడు. పాత్రధారులు గట్టివాళ్ళయితే రెండున్నర గంటలు ఎట్టా గడిచిందో తెలియదు. కాంట్రాక్టు మాట్లాడేటప్పుడే ఏ సీన్లు, ఏ పాత్ర ఎవరు, ఎన్ని గంటలకు తెర లేవాలి అన్నది కాగితం మీద రాసుకోండి. బయానా అప్పుడే ఇవ్వండి, నోటిమాట మీద ఇవ్వకండి.

ఇంకొకటి. హార్మోనిస్టును స్టేజి మూలన, స్పీకరు పెట్టె వెనకాల కూర్చోబెడుతున్నారు. అది చాలా అన్యాయం. పద్యం ఎత్తుకునే ముందు రాగం అందించేది ఆయన. నటుడు చివరి పాదం దగ్గర రాగం తీస్తుంటే ఆయన వేళ్ళు ఆ గొంతు వెంటే పోవాలి. నటుడు ఒకసారి కళ్ళెత్తితే చాలు, ఇంకో సంగతి (రాగంలో ఇంకో మలుపు) వేస్తున్నాడా, ముగిస్తున్నాడా అన్నది హార్మోనిస్టుకు తెలిసిపోతుంది. ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనిపించాలి. స్టేజి కుడివైపు ముందుభాగంలో ఆయనకు చోటివ్వండి, తబలా ఆయన్ను పక్కనే కూర్చోబెట్టండి.

సౌండ్ బాక్సు:
మైకు సంగతి నేను చెప్తా, నా బతుకుతెరువే అది.

ముందు టైము. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. ఆ సడలింపు మీకు ఉందనుకుని మొదలుపెట్టకండి. 10కి ముగిసేటట్టే ప్లాన్ చేసుకోండి. పగటిపూటైనా సరే, మైకు పెట్టాలంటే రాతపూర్వకంగా పర్మిషన్ కావాలి. స్టేషనులో అర్జీ ముందే ఇచ్చి, దాని కాపీ స్టేజి దగ్గర పెట్టుకోండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండచ్చు, మీ రామాలయానికి ఇవి ఎంత దూరమో చూసుకోండి.

ఇక మైకులు. పద్యనాటకానికి ముందువరసలో రెండు స్టాండు మైకులు చాలు. పద్యం పాడేటప్పుడు నటుడు మైకు దగ్గరికి వస్తాడు, అది వాళ్ళకు అలవాటే. సాంఘిక నాటికకు అది పనికిరాదు. మాట్లాడే ప్రతిసారీ మైకు దగ్గరికి నడిచివస్తే కథ చచ్చిపోతుంది. పైనుంచి వేలాడే మైకులు రెండు మూడు కట్టించండి, లేదా కాలర్ మైకులు తెప్పించండి. స్పీకరు పెట్టెలు ఎప్పుడూ మైకుల కంటే ముందుకు, జనం వైపు ఉండాలి. వెనక పెడితే కూత వస్తుంది, ఎంత మంచి ఆపరేటరైనా ఆపలేడు. మీకు సముద్రం దగ్గర కాబట్టి రాత్రి గాలి కొడుతుంది. ప్రతి మైకుకూ స్పాంజి తొడుగు తప్పనిసరి. జనరేటరు గుడి వెనక, జనానికి వీలైనంత దూరంగా.

రామాలయం వీధి:
మాస్టారూ, సౌండ్ బాక్సు అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. 10 గంటల సంగతి మాలో ఎవరికీ ఇంత వివరంగా తెలియదు. సాయంత్రం 6.30కి మొదలుపెడితే సరిపోతుందా?

పలకా బలపం:
నేను మీ చుట్టుపక్కల మండలంలోనే టీచరుగా చేస్తున్నాను. తమ్ముడూ, మీరందరూ ఒక విషయం మర్చిపోతున్నారు. నవమి నాటికి పదో తరగతి పరీక్షలు నడుస్తుంటాయి. మూడు రాత్రులు మైకు పెడితే ఆ పిల్లలు చదివేదెట్లా? పల్లెల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. కిటికీలు మూసినా ప్రతి మాటా వినిపిస్తుంది. ఆ పరీక్ష మీదే ఆధారపడ్డ ఇళ్ళు ఎన్నో ఉంటాయి. పాట ఎంత మంచిదైనా, నాటకం ఎంత గొప్పదైనా, దాని కోసం ఒక్క బిడ్డకు మార్కులు పోవడం నాకు ఇష్టం లేదు.

పైగా బడిపిల్లల నాటిక అంటున్నారు. పరీక్షలప్పుడు రిహార్సల్స్ ఎవరు చేయిస్తారు?

బ్యారన్ కాడ:
అక్క చెప్పింది నిజం. మా రైతుల సంగతి కూడా చూడండి. మార్చిలో సగం మందిమి పొగాకు బ్యారన్ల (ఆకును వేడి పెట్టి ఆరబెట్టే కొట్లు) దగ్గరే ఉంటాం. ఆకు కాలుతుంటే రాత్రంతా మంట చూసుకోవాలి, వేడి తగ్గినా పెరిగినా ఆకు రంగు పోతుంది. నాటకం చూడాలని ఎంత ఉన్నా కదలలేం. చందాల మాటకొస్తే, కందుకూరు పొగాకు వేలంలో రెండు మూడు బేళ్ళు పోయాక అడగండి, మనసారా ఇస్తారు. ఇప్పుడడిగితే అప్పు చేసి ఇవ్వాలి.

ఒంగోలు గిత్త:
అయితే తేదీ మార్చండి. నవమి రోజు గుడి దగ్గర కల్యాణం, ఆ సాయంత్రం ఒక హరికథ పెట్టుకోండి. మూడు రాత్రుల కార్యక్రమం ఏప్రిల్ 16 నాటికి జరపండి. ఆ రోజు కందుకూరి వీరేశలింగం పంతులు గారి జయంతి. 1848లో పుట్టారు. తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకునేది ఆ రోజునే. 1880లో తన విద్యార్థులతో తెలుగు నాటకాన్ని స్టేజి ఎక్కించిన మనిషి ఆయన. అప్పుడు వేసింది జీతాలు తీసుకునే నటులు కాదు, బడిపిల్లలు. మీరు చేయబోయేది కూడా అదే కదా. పరీక్షలు అయిపోతాయి, బ్యారన్లు చల్లారతాయి, ఉలవపాడు మామిడి తోటల్లో పని ఉన్నా రాత్రిళ్ళు మాత్రం ఖాళీ.

హరికథ గురించి ఒక మాట. ఒక్క కథకుడు, ఒక వయొలిను, ఒక మృదంగం. ఖర్చు తక్కువ, రెండు గంటల్లో ముగుస్తుంది, గొంతు పెద్ద సౌండు లేకుండానే వినిపిస్తుంది. మన నెల్లూరు సీమకు హరికథ పరాయిది కాదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి తండ్రి సాంబమూర్తి గారు హరికథా భాగవతారే. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఉన్న సొంత ఇంటిని బాలు గారు 2020లో కంచి పీఠానికి వేద పాఠశాల కోసం రాసిచ్చారు. అంతటి గాయకుడు పుట్టింది హరికథ వినిపించే ఇంట్లో అని మీ పిల్లలకు ఆ రోజు మైకులో చెప్పించండి.

రామాలయం వీధి:
తేదీ మార్చే మాట ఈరోజు రచ్చబండ దగ్గర పెద్దల ముందు పెట్టాను. పరీక్షల సంగతి చెప్పగానే ఎవరూ అడ్డు చెప్పలేదు. నవమికి హరికథ, ఏప్రిల్ 16, 17, 18 మూడు రాత్రులు. ఖాయం చేసుకున్నాం.

కావలి కుర్రోడు:
బాగుంది అన్నా. ఇప్పుడు రెండో రాత్రి గురించి మాట్లాడదాం, నాకు ఇష్టమైనది అదే. మిమిక్రీకి మా ఫ్రెండ్ ఒకడున్నాడు, మంచి గొంతులు చేస్తాడు. దాంతో పాటు చింతామణిలో సుబ్బిశెట్టి సీను ఒక్కటి పెడితే నవ్వులే నవ్వులు. పాతవాళ్ళకు బాగా ఇష్టం.

ఒంగోలు గిత్త:
అది వద్దు తమ్ముడూ. చింతామణి నాటక ప్రదర్శనను రాష్ట్ర ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. ఆ సీను ఒక కులాన్ని వెక్కిరించేలా తయారైందని ఆ కులస్థులు ఎప్పటినుంచో బాధపడుతున్నారు. కాళ్ళకూరి నారాయణరావు గారు రాసింది వేశ్యావ్యసనం మీద. వేదిక మీద పోనుపోను రాసినదానికి లేనిపోనివి కలిపి బూతుగా మార్చేశారు. పల్లెలో ఆ కులం వాళ్ళ ఇల్లు రెండో మూడో ఉంటాయి. వాళ్ళ పిల్లలు మరుసటిరోజు బడికి ఏ మొహంతో పోవాలి?

శ్రుతిపెట్టె:
ఒంగోలాయన మాటకు నాదీ ఓటు. నత్తివాణ్ణి, కుంటివాణ్ణి, నల్లటి అమ్మాయిని చూపించి నవ్వించేది హాస్యం కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఎంత నవ్వించేవాళ్ళు! రామాయణం నడుస్తుంటే మధ్యలో దూరి ఊళ్ళో పన్నుల గురించి, కరణం గురించి, మొగుడూ పెళ్ళాల గొడవల గురించి అడిగేసేవాళ్ళు. అధికారం ఉన్నవాణ్ణి చూసి నవ్వేవాళ్ళు. ఆ దారిలో పోతే హాస్యానికి సరుకు మీ ఊళ్ళోనే దొరుకుతుంది.

కావలి కుర్రోడు:
సరే అన్నా, సరే మాస్టారూ, ఆ సీను వద్దు. అయితే మావాడు మిమిక్రీలో సినిమా గొంతులతో పాటు ఊరి గొంతులు కూడా చేస్తాడు. ఆర్టీసీ బస్సు కండక్టరు, వేలం పాటగాడు, ఫోనులో నెట్‌వర్క్ లేక అరిచే బాబాయ్, చేపలమ్మే అవ్వ కేక. అవి పెట్టుకోమంటాను. నెల్లూరు యాసతో నవ్వించడం మనకు కొత్త కాదు. జగదేవిపేట నుంచి పోయిన రమణారెడ్డి గారిని ఇప్పటికీ తలుచుకుంటాం కదా. మా కావలివాడైన రాజనాల కూడా నాటకాలు వేసి వేసే సినిమాల్లోకి పోయాడు.

పలకా బలపం:
పిల్లల నాటిక గురించి ఒక సందేహం. నేను రాసిన నాటికలో అవ్వ, మనవడు, చెరువు, ఊళ్ళో నీళ్ళ గొడవ. పిల్లలు ఇంట్లో మాట్లాడినట్టే "ఏంది అవ్వా ఇట్టా చేసావు", "నీళ్ళు యాడుండాయి" అని చెప్తుంటే చూడముచ్చటగా ఉంది. మా హెడ్మాస్టరు మాత్రం స్టేజి మీద శుద్ధమైన భాష ఉండాలంటున్నారు. మీరేమంటారు?

ఒంగోలు గిత్త:
మీ పిల్లలను అలాగే మాట్లాడనివ్వండి టీచరమ్మా. హెడ్మాస్టరు గారికి వేదం వేంకటరాయ శాస్త్రి గారి సంగతి చెప్పండి. అంతటి సంస్కృత పండితుడు, 1897 నాటి ప్రతాపరుద్రీయంలో చాకలి పేరిగాడి చేత వాడి మాటే మాట్లాడించాడు. పండితులు గొడవ చేసినా పాత్రోచిత భాష అన్న మాటకు కట్టుబడ్డాడు. ఆయన నాటకాలు ఆడడానికి ఆంధ్రభాషాభిమాని సమాజం పుట్టింది నెల్లూరులోనే, 1899లో. కాబట్టి అవ్వ పాత్ర అవ్వలాగే మాట్లాడాలి. కలెక్టరు పాత్ర ఉంటే అతను మాత్రం ఆఫీసు తెలుగు మాట్లాడనీ, ఆ తేడాలోంచే హాస్యం పుడుతుంది.

పలకా బలపం:
భలే చెప్పారు. రేపే చూపిస్తాను. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అవ్వ వేషం వేసే అమ్మాయి తొమ్మిదో తరగతి. చాలా బాగా చేస్తోంది. నడుం వంచి, చెంగు దోపుకుని, కళ్ళు చిట్లించి మనవడి వైపు చూసేసరికి రిహార్సల్లో మిగతా పిల్లలు మాటలు మర్చిపోతున్నారు. వాళ్ళ నాయన మాత్రం స్టేజి ఎక్కితే సంబంధాలు రావు అంటున్నాడు. వాళ్ళమ్మకు ఇష్టమే, ఏం మాట్లాడలేక ఊరుకుంటోంది.

మర్రిచెట్టు:
నేను బెంగుళూరులో ఉంటున్నాను, పుట్టింది కందుకూరు పక్కన. అక్కా, ఆ నాయన దగ్గరికి ఊరి పెద్దను ఒకరిని తీసుకుని వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళద్దు. ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు కుర్రతనంలో ఒంగోలులో నాటకాలు వేశారు, ఆడవేషాలు కట్టారు. ఆయన చదువుకు దారి చూపిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు నాటకాల మనిషే. ఆ నాయుడు గారితో పాటే రాజమండ్రి పోయి చదువుకున్నారు. నాటకం ఆయన చదువును చెడగొట్టలేదు, ముందుకు నడిపించింది. మద్రాసులో తుపాకీ ముందు గుండె చూపించిన మనిషి మొదట జనం ముందు నిలబడింది స్టేజి మీదే. ఇది ఆ నాయనకు చెప్పండి. రిహార్సల్స్ వేళకు అమ్మను కూడా రమ్మనండి, పిల్లను చీకటి పడకముందే ఇంటికి పంపుతామని మాట ఇవ్వండి. ఆయన భయం అక్కడే ఉండి ఉంటుంది.

కుర్రాళ్ళ నాటికకు ఒక ప్రతిపాదన: ఆత్రేయ గారి నాటకం ఎన్.జి.ఓ. ఆయన పుట్టింది సూళ్ళూరుపేట పక్కన మంగళంపాడులో, 1921లో. మన మనిషి. చాలీచాలని జీతంతో గుమాస్తా ఇల్లు ఎట్లా నలిగిపోతుందో చూపించాడు. ఈరోజు కాంట్రాక్టు ఉద్యోగాలు చేసే మన కుర్రాళ్ళకు అది తమ కథే అనిపిస్తుంది.

శ్రుతిపెట్టె:
మంచి నాటకం. అయితే రెండో రాత్రికి బరువు ఎక్కువవుతుంది, ఇంకో ఏడు విడిగా వేయండి. పైగా అనుమతి తీసుకోవాలి. రచయిత పోయిన తరువాతి ఏడాది నుంచి 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. ఆత్రేయ గారు 1989లో పోయారు, 2049 దాకా వారసుల హక్కే. తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వారు 1950లో పోయారు కాబట్టి మీ రాయబారానికి ఆ ఇబ్బంది లేదు. హాస్యనాటికే కావాలంటే భమిడిపాటి కామేశ్వరరావు గారివి వెతకండి. 1958లో పోయారు, వాటికీ గడువు తీరింది. ఆయన హాస్యంలో ఎవరినీ నొప్పించడం ఉండదు. మాటలు వేగంగా పడాలి, అందుకే ప్రాంప్టింగు మీద ఆధారపడకుండా నోటికి రావాల్సిందే.

బ్యారన్ కాడ:
మూడో రాత్రి పాటల్లో మా భజన వాళ్ళకు ఒక అరగంట ఇవ్వండి. పండరి భజనలో అడుగు, తాళం కలిసి పడుతుంటే కూర్చున్నవాళ్ళు కూడా లేచి వచ్చేస్తారు. కీబోర్డు పాటల కంటే ముందే పెట్టండి. తరువాత పెడితే అలిసిపోయిన జనానికి ఆ ఊపు అందదు.

సౌండ్ బాక్సు:
భజన వాళ్ళకు విడిగా మైకు వద్దు. స్టేజి ముందు నేల మీద ఆడనివ్వండి. గురువు గారికి ఒక చేతిమైకు చాలు. అడుగుల చప్పుడు, తాళాల మోత జనానికి దగ్గర నుంచి వినిపించాలి.

పలకా బలపం:
అమ్మాయి వాళ్ళ నాయన ఒప్పుకున్నారు! మన సర్పంచ్ గారి అమ్మ వచ్చి మాట్లాడింది. "మా అమ్మే ఆ రోజుల్లో వీధినాటకం చూడ్డానికి నడిచి పోయేది, నీ బిడ్డ ఆడితే తప్పేంది" అని అడిగింది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఒక్క షరతు పెట్టారు, తను కూడా ముందు వరసలో కూర్చుంటానని.

రామాలయం వీధి:
అందరూ చెప్పినవి కలిపి చివరి కార్యక్రమం ఇది.

నవమి సాయంత్రం కల్యాణం తరువాత హరికథ, 6.30 నుంచి 8.30.

ఏప్రిల్ 16న కందుకూరి వారి పటానికి దండ వేసి, 7 గంటలకు పడక సీను, రాయబారం. 17న ముందుగా పిల్లల నాటిక (చిన్నపిల్లలు నిద్రపోకముందే చూడాలి కదా), తరువాత మిమిక్రీ, చివర మా కుర్రాళ్ళ హాస్యనాటిక. 18న పండరి భజన, ఆ పైన పాటకచేరి. పాటల్లో మా ఊరి ఆడవాళ్ళు నాట్లప్పుడు పాడుకునే పాటలకు కూడా చోటుంది. వాళ్ళు మొదట వద్దన్నారు, నలుగురూ కలిసి పాడతామంటే ఒప్పుకున్నారు. మూడు రాత్రులూ 10 లోపే ముగింపు. స్టేషనులో అర్జీ ఇచ్చాం. పద్యనాటకం వాళ్ళకు కాగితం రాసి బయానా ఇచ్చాం. హార్మోనిస్టు గారి చోటు స్టేజి కుడివైపు ముందర. 

ఇంక ఒక్కటే మిగిలింది. ముసలివాళ్ళకు కుర్చీలు, మిగతావాళ్ళకు నేల మీద పట్టాలు. మా దగ్గర ఉన్నవి చాలవు.

బ్యారన్ కాడ:
పొగాకు బేళ్ళకు కట్టే పట్టాలు మా షెడ్డులో ఉన్నాయి. 15వ తేదీ ట్రాక్టరులో వేసుకొస్తా. దులిపి, ఎండలో ఆరబెట్టే తెస్తాలే, వాసన ఉండదు.

శ్రుతిపెట్టె:
అబ్బాయ్ రామాలయం వీధి, మీకు ఇబ్బంది లేకపోతే 17, 18 రాత్రులు మీ పిల్లల పాటలకు హార్మోనియం నేను వాయిస్తా. డబ్బులేమీ వద్దు. పాడేవాళ్ళ శ్రుతులు మాత్రం ముందే రాసి పంపండి, ఎవరు ఎన్నో కట్టెలో (శ్రుతిలో) పాడతారో తెలిస్తే రెండు రోజులు ముందొచ్చి కూర్చుంటా.

రామాలయం వీధి:
మాస్టారూ, ఇబ్బందేంటి, మా భాగ్యం! భోజనం, పడక మా ఇంట్లోనే. శ్రుతుల లిస్టు ఆదివారంలోపు పంపిస్తాను.